క్లారె లోయలో నాలుగు రోజులు: లార్చ్ చెట్ల మధ్య స్కీల మీద

మార్చి రెండో వారంలో నాలుగు రోజులు సెలవు దొరికింది. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు నేనుండే గ్రెనోబుల్ వచ్చాడు. ఎన్నాళ్ళ నుంచో వాడికి చెబుతున్నా, లిఫ్టులెక్కి గుంపుల మధ్య జారడం కాదురా, ఒక్కసారి స్కీల మీద నడుస్తూ అడవిలోకి వెళ్దాం అని. మాతో మా ఆఫీసులో నా సీనియర్ కొలీగ్ కూడా వచ్చారు. యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ, ఈ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ వస్తానన్నారు కాబట్టే ధైర్యం చేశాను. అనుభవం ఉన్నవాళ్ళు తోడు లేకపోతే గైడ్‌ని పెట్టుకోవాలి గానీ మనంతట మనం వెళ్ళే పని కాదిది, ఎంత సులువైన దారి అన్నా సరే.

ముందుగా స్కీ టూరింగ్ గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇక్కడ లిఫ్టు ఉండదు, కొండ మనమే ఎక్కాలి. స్కీల అడుగున స్కిన్స్ అని పొడవాటి పట్టీలు అంటిస్తాం. ఒకప్పుడు సీల్ అనే సముద్ర జంతువు తోలుతో చేసేవాళ్ళు, ఇప్పుడు మోహేర్, నైలాన్ కలిపి నేస్తారు, పేరు మాత్రం ఫ్రెంచ్‌లో ఇప్పటికీ సీల్ తోలే. పిల్లి వీపు నిమిరినట్టు ఒకవైపు రాస్తే నున్నగా జారుతుంది, ఎదురు రాస్తే గరుగ్గా పట్టుకుంటుంది. అందుకే స్కీ ముందుకు జరుగుతుంది, వెనక్కి జారదు. బూటు ముందు భాగం మాత్రమే బైండింగ్‌లో బిగిసి ఉంటుంది, మడమ పైకి లేస్తుంది, అంటే అచ్చం నడకే, పాదం ఎత్తకుండా ఈడ్చే నడక. పైకి చేరాక స్కిన్స్ పీకి జాకెట్‌లో పెట్టుకుని, మడమ కూడా బిగించి, జారుతూ దిగిపోవడమే.

మేం ఎంచుకున్నది ఫ్రాన్స్‌లో ఓత్-జాల్ప్ జిల్లా, బ్రియాన్సోన్ ఊరి దగ్గర క్లారె నది లోయ. ఇటలీ సరిహద్దు పక్కనే. ఈ లోయ నిండా లార్చ్ అనే శంకు చెట్ల అడవి. ఫ్రెంచ్‌వాళ్ళు మెలెజ్ అంటారు.

మొదటి రోజు: గ్రెనోబుల్ నుంచి బుఫేర్

పొద్దున ఆరింటికి బయల్దేరాం. బ్రియాన్సోన్ సుమారు 115 కిలోమీటర్లే గానీ దారి లోతారె కనుమ మీదుగా, 2058 మీటర్ల ఎత్తున పోతుంది. మంచు బాగా పడినా, మంచు చరియల భయం ఉన్నా ఈ రోడ్డు మూసేస్తారు కాబట్టి ముందురోజు రాత్రే చూసుకోవాలి. 2021 నవంబర్ నుంచి చలికాలంలో ఈ కొండ జిల్లాల్లో వింటర్ టైర్లు గానీ, డిక్కీలో చైన్లు గానీ ఉండాలని చట్టం కూడా వచ్చింది. లా గ్రావ్ ఊరి దగ్గర ఆగి టీ తాగాం. ఎదురుగా మేజ్ శిఖరం, 3983 మీటర్లు, దాని మీంచి వేలాడుతున్న మంచునదులు. తమ్ముడు కప్పు చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు, టీ చల్లారిపోయింది.

బ్రియాన్సోన్ దాటి వాల్-దే-ప్రే వైపు తిరిగితే క్లారె పక్కనే రోడ్డు. ఒక్క విషయం చెప్పాలి. 1970లలో ఈ లోయలోంచి పెద్ద హైవే వేయాలని ప్లాన్ వేశారు. వాల్-దే-ప్రేలో పుట్టిన ఎమిలీ కార్ల్ అనే స్కూల్ టీచర్, అప్పటికే డెబ్బై దాటిన మనిషి, ఊళ్ళవాళ్ళని కూడగట్టి దానికి అడ్డం నిలబడింది. హైవే రాలేదు. 1992లో లోయని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కారు కిటికీలోంచి ఆ మంచుపొలాలు, మధ్యలో నల్లగా పారుతున్న చిన్న నది చూస్తుంటే, ఇక్కడ నాలుగు లేన్ల రోడ్డు ఉండాల్సింది కదా అన్న ఊహకే నాకు గుండె బరువెక్కింది.

ప్లాంపినే దాటాక కుడివైపు ఒక రోడ్డు ఎషెల్ కనుమకి పోతుంది, అవతల ఇటలీ. చలికాలంలో మూసి ఉంటుంది. కనుమ ఎత్తు 1762 మీటర్లే కాబట్టి 2017 చలికాలంలో ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కుర్రాళ్ళు పల్చటి బూట్లతో, రాత్రిళ్ళు, మోకాలి లోతు మంచులో దీని మీదుగా నడిచి వచ్చేవాళ్ళు. నెవాష్ ఊరివాళ్ళు టార్చిలు పట్టుకెళ్ళి వాళ్ళని వెతికి ఇళ్ళకి తెచ్చుకున్నారు. మా కొలీగ్ ఆ మలుపు దగ్గర కారు నెమ్మది చేసి ఇది చెప్పారు. వేల రూపాయల జాకెట్లు, గ్లోవ్స్ వేసుకుని సరదాకి అదే మంచులోకి వెళ్తున్న మేము ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు.

నెవాష్ ఎగువ ఊరు దాదాపు 1600 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో కార్లకి రోడ్డు అక్కడితో ఆఖరు. పార్కింగ్‌లో స్కీలు దింపి, అందరం ఒకరి బీకన్ ఒకరం సరిచూసుకున్నాం. మంచులో కూరుకుపోయినా మనం దొరికేలా ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉండే చిన్న యంత్రం అది. ఒంటికి కట్టుకోవాలి, బ్యాగులో పెట్టకూడదు. ముగ్గురి దగ్గరా మడతపెట్టే పార, మంచులో పొడిచి వెతకడానికి మూడు మీటర్ల దాకా సాగే గొట్టం లాంటి ప్రోబ్ కూడా ఉన్నాయి. మొన్నటి ఆదివారం మా ఇంటి దగ్గర గడ్డిలో బీకన్ పాతిపెట్టి వెతకడం ప్రాక్టీస్ చేశాం కూడా. ఆ రోజు ఫ్రాన్స్ వాతావరణ శాఖ మెతెయో-ఫ్రాన్స్ బులెటిన్‌లో మంచు చరియల ప్రమాదం 5లో 2. ఉత్తరం, తూర్పు వాలుల్లో చెట్ల ఎత్తు దాటాక గాలి పేర్చిన మంచు పలకలు ఉన్నాయని రాశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, రెండో రోజు పనికొచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి నడక మొదలుపెట్టాం. నది దాటి ఎడమ కొండ వైపు, బుఫేర్ వాగు పక్కన అడవి దారి. బుఫేర్ రెఫ్యూజ్, అంటే కొండ మీద రాత్రి బస చేసే ఇల్లు, 2076 మీటర్ల ఎత్తున ఉంది, దాదాపు 475 మీటర్ల ఎక్కుడు. మలుపులు తిరుగుతూ నిదానంగా ఎక్కే దారి. మా కొలీగ్ ముందు, తమ్ముడు మధ్యలో, నేను వెనక. మొదటి పది నిమిషాలు తమ్ముడు పరుగులాంటి నడక నడిచాడు. ఆవిడ వెనక్కి తిరిగి, మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే నీ వేగం, అంతకు మించితే రేపు మంచం దిగవు అన్నారు.

అడవిలోకి వెళ్ళిన కాసేపటికి వాడు ఆగాడు.

"అక్కా, ఈ చెట్లన్నీ ఎండిపోయాయా?"

ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. క్రిస్మస్ చెట్టు ఆకారం, కొమ్మల నిండా చిన్న చిన్న కాయలు, ఆకు మాత్రం ఒక్కటీ లేదు. కార్చిచ్చులో మాడిపోయిన అడవిలా ఉంటుంది. యూరప్‌లో సహజంగా పెరిగే శంకు చెట్లలో ఏటా ఆకు రాల్చేది ఇదొక్కటే. అక్టోబర్‌లో కొండంతా పసుపు కుంకుమ కలిపినట్టు అవుతుంది, నవంబర్‌కి సూదుల్లాంటి ఆ ఆకులు అన్నీ రాలిపోతాయి, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో లేత చిగురు. వాడికి ఒక కొమ్మ వంచి చూపించాను. కొమ్మ పొడుగునా తులసి పూసల్లా గరుకైన బొడిపెలు ఉంటాయి. ఒక్కో బొడిపెలోంచి ముప్పై నలభై ఆకులు కుచ్చులా వస్తాయి. గ్లోవ్ తీసి వేలితో తడిమాడు. గోరుతో కొద్దిగా గీరితే లోపల పచ్చగా, తడిగా ఉంది, జిగురు వాసన వచ్చింది.

"బతికే ఉంది" అన్నాడు మెల్లగా.

మాది కళింగపట్నం వైపు. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున సరుగుడు తోటల్లోనే ఆడుకున్నాం. అక్కడ గాలి వీస్తే తోటంతా హోరు, కళ్ళు మూసుకుంటే అలలేవో చెట్లేవో తెలిసేది కాదు. ఇక్కడ చెట్టు రూపం దూరం నుంచి కాస్త అలాగే ఉంటుంది గానీ ఆకు లేదు కాబట్టి గాలికి చప్పుడే లేదు. స్కిన్ మంచు మీద జరిగే సర్రు మన్న శబ్దం, మన ఊపిరి, అంతే.

నాలుగు గంటలకి రెఫ్యూజ్ చేరాం. బూట్లు బయటి గదిలో వదిలి, వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ చెప్పులు వేసుకుని లోపలికి వెళ్ళాలి. దుప్పట్లు వాళ్ళవే, లోపల పడుకునే పల్చటి గుడ్డ సంచి మాత్రం మనం తెచ్చుకోవాలి. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికి 50 యూరోల పైనే అవుతుంది. మాంసం తిననివాళ్ళం అని బుక్ చేసేటప్పుడే చెప్పాలి, అక్కడికి వెళ్ళాక చెబితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, సామానంతా ముందే మోసుకొచ్చి పెట్టుకుంటారు కదా. కూరగాయల సూప్, ఆకుపచ్చ పప్పు, జున్ను. తమ్ముడు సంచిలోంచి అమ్మ పంపిన అల్లం పచ్చడి డబ్బా తీశాడు. మా బల్ల మీద కూర్చున్న వాళ్ళందరూ పప్పులో వేసుకుని తిన్నారు.

రెండో రోజు: కనుమ దగ్గర వెనక్కి, తర్వాత లోయ దాటి రికూకి

ఇదే పెద్ద రోజు. ప్లాన్ ప్రకారం బుఫేర్ కనుమ, 2427 మీటర్లు, ఎక్కి, అవతల మోనెతియే ఊరి వైపు లోయని ఒకసారి చూసి, వచ్చిన దారినే అడవిలోంచి లోయ అడుగుకి దిగి, అటునుంచి ఎదుటి కొండ మీద రికూ రెఫ్యూజ్‌కి ఎక్కాలి.

ఏడున్నరకి బయల్దేరితే అంతా నీలం. చెట్లు పల్చబడుతూ వచ్చి, 2200 దాటాక ఒంటరి లార్చ్‌లు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి, ఆ పైన ఖాళీ తెల్లటి వాలు. గాలి మొదలైంది. మంచు మీద సన్నటి గీతలు, ఇసుక మీద అల తీసినట్టు. సుమారు 2350 దగ్గర, ఇంకా చదునుగా ఉన్న చోటే, మా కొలీగ్ అడుగు వేయగానే కింద నుంచి "వుఫ్" అని శబ్దం వచ్చింది. పెద్ద పరుపు మీద ఎవరో కూర్చున్నట్టు. కాళ్ళ కింద మంచు ఒక వేలు మందం దిగినట్టు స్పష్టంగా తెలిసింది. నాకు వెన్ను జిల్లుమంది.

ఆవిడ అక్కడే ఆగి, కర్ర వెనక్కి తిప్పి పిడితో మంచులోకి పొడిచారు. పైన ముప్పై సెంటీమీటర్లు గట్టి పలక, కింద పంచదార లాంటి వదులు మంచు. పలక కింద పొర కూలినప్పుడు వచ్చే చప్పుడే అది. మేం నిలబడ్డ చోటు చదును కాబట్టి ఏం కాలేదు. కనుమ కింద ఆఖరి వాలు మాత్రం 30 డిగ్రీలు దాటుతుంది, మ్యాప్‌లో పసుపు రంగు. ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ మ్యాపుల్లో 30 నుంచి 35 పసుపు, 40 దాకా నారింజ, 45 దాకా ఎరుపు, ఆ పైన ఊదా. మంచు పలకలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల మధ్యే. నిన్న బులెటిన్‌లో రాసిన గాలి పలకలు ఇవే.

"వెళ్ళిపోదాం" అన్నారావిడ. చర్చ లేదు. ఇంకో ఎనభై మీటర్ల లోపు ఎత్తులోనే కనుమ కనిపిస్తోంది. తమ్ముడి ముఖంలో నిరాశ దాగలేదు. "ఇంత దగ్గరికొచ్చి..." అన్నాడు తెలుగులో. నేను వాడి బ్యాగు పట్టుకుని, ఒరేయ్, సులువైన దారి అంటే ప్రమాదం లేని దారి అని కాదు, వెనక్కి తిరగడానికి ఎక్కడైనా వీలున్న దారి అని అర్థం, అందుకే కదా ఇక్కడికి తీసుకొచ్చాను అన్నాను. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

అక్కడ స్కిన్స్ పీకి దిగడం మొదలుపెట్టాం. ఒక్కొక్కరుగా, మధ్యలో దూరం ఉంచుకుంటూ, కిందికి దిగినవాళ్ళు పక్కకి జరిగి నిలబడి వెనకవాళ్ళని చూస్తూ. చెట్ల ఎత్తు చేరేసరికి గాలి పోయింది, మంచు మారిపోయింది. ఉత్తరం వైపు వాలు కాబట్టి వారం క్రితం పడిన మంచు ఇంకా పొడిగా, అట్ల పిండికి వాడే బియ్యప్పిండిలా ఉంది.

లార్చ్ అడవిలో స్కీయింగ్ ఎందుకింత హాయిగా ఉంటుందో అప్పుడు తమ్ముడికి అర్థమైంది. స్ప్రూస్ అడవిలో అయితే కొమ్మలు నేల దాకా, చెట్టుకీ చెట్టుకీ మధ్య సందు ఉండదు, లోపల చీకటి. లార్చ్‌కి ఎండ కావాలి, నీడలో పెరగదు, అందుకే చెట్లు ఎడంగా ఉంటాయి. దానికి తోడు వందల ఏళ్ళుగా ఈ అడవుల్లో ఆవులు, గొర్రెలు మేసేవి, అడుగున పొదలు ఎదగలేదు. ఈ అడవి ఇంత తెరపిగా ఉండడంలో కాపర్ల పాత్ర కూడా చాలా ఉందన్నమాట. ఆకులు లేని కొమ్మల్లోంచి ఎండ పడి మంచు మీద నీడల గళ్ళు, ఎర్రటి మందపాటి బెరడు, ఆ బెరడు మీద కళ్ళు చెదిరే పసుపుపచ్చ లైకెన్, చూడ్డానికి నాచులా ఉంటుంది గానీ నాచు కాదు. దాన్ని తోడేలు లైకెన్ అంటారు. విషం. పూర్వం మాంసంలో కలిపి తోడేళ్ళనీ నక్కలనీ చంపడానికి వాడేవాళ్ళట. చెట్టు కాండానికి పసుపు రాసిన గడపలా ఉంటుంది. నేను నాలుగు మలుపులకొకసారి దాన్ని చూడ్డానికే ఆగాను.

చెట్లున్నాయి కదా ఇక్కడ మంచు చరియలు రావనుకోకండి. ఇంత తెరపిగా ఉన్న అడవి మంచుని పట్టి ఆపదు. పైన వాలు నిటారుగా ఉంటే చెట్ల మధ్యలోంచి కూడా వస్తుంది. కొన్ని చోట్ల లార్చ్‌లన్నీ కింది వైపుకి వంగి, పై వైపు కొమ్మలు విరిగిపోయి ఉన్నాయి. అలాంటి పట్టీ కనిపిస్తే అది చరియ దిగే దారి అని మా కొలీగ్ చూపించి, పక్కనుంచి తీసుకెళ్ళారు. చెట్ల వల్ల నిజంగా లాభం ఏమిటంటే, మబ్బు కమ్మిన రోజున తెల్లటి నేలా తెల్లటి ఆకాశం కలిసిపోయి ఏది వాలో ఏది గుంటో తెలియనప్పుడు, నల్లటి కాండాలు కంటికి ఆనవాలిస్తాయి.

ఇంకొక సంగతి. ఒక చోట మంచులో కొబ్బరికాయ పట్టేంత గుంటలు, లోపల చిన్న చిన్న రెట్టలు ఉన్నాయి. బ్లాక్ గ్రౌజ్ అనే అడవి కోడి రాత్రిళ్ళు మంచులో గొయ్యి చేసుకుని, పైన మూసుకుని పడుకుంటుంది, లోపల బయటికంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి. చలికాలంలో దానికి దొరికే తిండి తక్కువ. మనం అటుగా జారితే భయపడి లేచి ఎగిరిపోతుంది, పదేపదే అలా ఎగిరితే ఒంట్లో శక్తి అయిపోయి చచ్చిపోవచ్చు. అందుకే కొన్ని చోట్ల తాడు కట్టి బోర్డులు పెడతారు. అవతల ఎంత మంచి పొడి మంచు ఊరిస్తున్నా సరే తాడు దాటొద్దు, దయచేసి.

లోయ అడుగుకి వచ్చేసరికి పదకొండున్నర. చలికాలంలో మూసేసిన రోడ్డే ఇక్కడ మంచు బాట. ఫోంకువేర్త్ అనే చిన్న పల్లె దాకా నదిని ఆనుకుని మెల్లగా ఎక్కుతుంది. మళ్ళీ స్కిన్స్ అంటించే సమయానికి వచ్చింది ఇబ్బంది. తమ్ముడివి అద్దెకి తెచ్చిన స్కిన్స్. జిగురు పాతబడింది, పైగా పీకేటప్పుడు మంచులో పడేశాడు, ఒకదానికి మంచు పొడి అంతా అంటుకుపోయి పట్టనే పట్టడం లేదు. రెండడుగులు వేస్తే వెనక తోకలా ఊడి వేలాడుతోంది. వాడికి టెన్షన్. కొలీగ్ దాన్ని తీసుకుని, స్కీ అంచుకేసి గీరి మంచు రాల్చి, మడిచి, వాడి జాకెట్ లోపల చొక్కాకి ఆనేలా పెట్టించి, ఇరవై నిమిషాలు కూర్చుని తినమన్నారు. పులిహోర తిన్నాం, నదిని చూస్తూ. పేరుకి తగ్గట్టు తేటగా ఉంది క్లారె, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. వెచ్చబడ్డాక జిగురు కాస్త పట్టింది, ఆపైన రబ్బరు పట్టీలు రెండు స్కీ చుట్టూ బిగించారు. అంతే, సాయంత్రం దాకా ఊడలేదు. అద్దెకి తెచ్చుకునేవాళ్ళు షాపులోనే రెండు స్కిన్స్ జిగురు వైపులు కలిపి అంటించి లాగి చూడండి. బలంగా లాగాల్సి వస్తేనే తీసుకోండి. రబ్బరు పట్టీలు నాలుగు సంచిలో ఉంచుకోండి.

కుడి పక్క కొండ నుంచి వాగులు దిగే చోట్ల మాత్రం ఆగకుండా, ఒకరి వెనక ఒకరం ఎడంగా దాటాం. ఫోంకువేర్త్ 1857 మీటర్లు, మంచులో సగం మునిగిన రాతి ఇళ్ళు, ఒక చిన్న చర్చి. అక్కడ్నించి రికూ, 2115. రెండున్నర వందల మీటర్లే గానీ మధ్యాహ్నం ఎండకి మంచు మెత్తబడి స్కిన్స్ కింద ఉండలు కట్టింది. ప్రతి అడుగుకీ రెండు కిలోలు అదనం. చేరేసరికి సాయంత్రం నాలుగున్నర, తమ్ముడు బూట్లు విప్పకుండానే బెంచీ మీద పడుకుని నిద్రపోయాడు.

మూడో రోజు: లారామోన్ చెరువు

దక్షిణం వైపు వాలు కాబట్టి ఇక్కడ లెక్క వేరు. పగలు కరిగిన మంచు రాత్రి గట్టిపడుతుంది. పొద్దున అది గాజులా ఉంటుంది, పది పదకొండుకి పైన రెండు సెంటీమీటర్లు మెత్తబడుతుంది, పన్నెండు దాటితే మోకాలి దాకా కూరుకుపోతుంది, చరియలూ మొదలవుతాయి. కాబట్టి టైమే ముఖ్యం.

ఏడింటికి బయల్దేరాం. మొదట్లోనే స్కీ క్రాంపన్లు పెట్టాల్సి వచ్చింది. స్కీకి రెండు పక్కలా మంచులో దిగే పళ్ళ పలకలు అవి, వీటిని ఫ్రెంచ్‌లో కత్తులు అంటారు. కర్ కర్ మని ఎక్కడం. లారామోన్ 2359 మీటర్లు, రికూ నుంచి గంటన్నర లోపే. చెరువంటే నీళ్ళు కనిపించవు, తెల్లటి పళ్ళెం, అంతే. కానీ వెనక్కి తిరిగితే... ఎదురుగా సెర్స్ కొండల గరుకు శిఖరాలు, వాటి వెనక ఎక్రాన్ మంచు కొండలు, కింద లోయంతా గోధుమ రంగు లార్చ్ అడవి. నిన్న మేం దిగిన వాలు ఎదురుగా ఉంది. మా కొలీగ్ తమ్ముడికి కర్రతో చూపించారు, అదిగో బుఫేర్ వైపు, అదిగో మనం తిరిగిన అడవి. వాడు చాలాసేపు చూశాడు. కనుమ కింద వాలు మీద గాలికి మంచు పొగలా లేస్తూనే ఉంది.

ఇంకో తొంభై మీటర్లు పైన సెర్పాన్ చెరువు ఉంది. టైమ్ ఉంది, మంచు గట్టిగా ఉంది, వెళ్ళొచ్చాం. అక్కడ చెప్పుకోదగ్గవి రెండే, చలి, నిశ్శబ్దం.

పదిన్నరకి దిగడం మొదలుపెట్టాం. సరిగ్గా ఆ రెండు సెంటీమీటర్లు మెత్తబడిన వేళ. ఇక్కడివాళ్ళు దాన్ని మోకెట్ అంటారు, అంటే తివాచీ. కింద గట్టి నేల, పైన మఖమల్. స్కీ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రెండేళ్ళ నుంచీ స్కీయింగ్‌లో భయంభయంగా మలుపులు తిప్పే తమ్ముడు ఆ వాలు మీద ఒక్కసారీ ఆగకుండా దిగాడు. కింద నిలబడి వెనక్కి చూసుకుంటే వాడి గీత పాము కుబుసంలా మెరుస్తోంది. పదకొండుకి మేం రెఫ్యూజ్ ముందు ఎండలో కుర్చీల్లో ఉన్నాం. సాయంత్రం దాకా బట్టలు ఆరేసుకోవడం, పేకాట, నిద్ర.

ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ లార్చ్ మాటే. ఎనిమిది తొమ్మిదేళ్ళకొకసారి ఒక చిన్న చిమ్మట పురుగు విపరీతంగా పెరిగి ఈ అడవుల ఆకంతా తినేస్తుంది, జులైలోనే కొండ కొండంతా ఎర్రగా మాడినట్టవుతుంది, అయినా చెట్టు చావదు, అదే ఏడు మళ్ళీ చిగురేస్తుంది అని మా కొలీగ్ చెప్పారు. ఆ ఏడాది కాండంలో వలయం సన్నగా ఉంటుందట. శాస్త్రవేత్తలు పాత ఇళ్ళ దూలాల్లో ఆ సన్నటి వలయాలు లెక్కపెట్టి వందల ఏళ్ళ వెనక్కి ఆ పురుగు చరిత్ర రాశారు. మేం ఆనుకుని కూర్చున్న గోడ లార్చ్ చెక్కే. తమ్ముడు ఫోన్ టార్చి వేసి దూలం చివర వలయాలు చూడ్డం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు: కిందికి

మబ్బు పట్టింది, సన్నగా మంచు పడుతోంది. నేరుగా ఫోంకువేర్త్‌కి దిగి, రోడ్డు బాట పట్టుకుని నెవాష్‌కి. పెద్దగా మలుపులు లేవు, కర్రలతో తోసుకుంటూ, మాట్లాడుకుంటూ గంటన్నర.

నెవాష్‌లో 15వ శతాబ్దపు చర్చి చూశాం. ఊళ్ళో కొన్ని పాత ఇళ్ళ కప్పులు లార్చ్ చెక్క పెంకులు, బూడిద రంగుకి తిరిగినవి. జిగురు ఎక్కువ ఉన్న చెక్క కాబట్టి వానకీ మంచుకీ తొందరగా కుళ్ళదు. వీధి కుళాయి తొట్టి కూడా అదే చెక్క, ఒక్క దుంగని తొలిచి చేసింది. గ్లోవ్ తీసి దాని అంచు మీద చెయ్యి పెట్టాను. నున్నగా అరిగిపోయి ఉంది.

ఇలా వెళ్దామనుకునేవాళ్ళకి: మామూలు స్కీ స్టేషన్‌లో ఎర్ర గుర్తు వాలు, అంటే కాస్త కష్టమైనది, దిగగలిగితే చాలు, రోజుకి ఐదారు వందల మీటర్లు ఎక్కే ఓపిక ఉంటే చాలు. మా రెండో రోజు ఎనిమిది వందలకి దగ్గరైంది, మొదటిసారికి అది ఎక్కువ. నేనైతే మళ్ళీ వెళ్ళినప్పుడు బుఫేర్‌లోనే రెండు రాత్రులు ఉంటాను. జనవరి, ఫిబ్రవరిలో పొడి మంచు దొరుకుతుంది గానీ పగలు చిన్నవి, చలి ఎక్కువ. మార్చి మంచిది. రెఫ్యూజ్‌లు ఏ తేదీల్లో తెరిచి ఉంటాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫోన్ సిగ్నల్ లోయలో చాలా చోట్ల లేదు. ఆపద వస్తే 112.

కారు దగ్గర స్కీలు కట్టేస్తుంటే బ్రియాన్సోన్ వైపు నుంచి సిగ్నల్ తగిలి తమ్ముడి ఫోన్ మోగింది. అమ్మ, వీడియో కాల్. వెనక మంచు, అడవి చూపించాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, "అయ్యో, చెట్లన్నీ ఎండిపోయాయేమిట్రా?" అంది.

వాడు స్కీలు నా చేతికిచ్చేసి, రోడ్డు పక్క లార్చ్ దగ్గరికి నడిచాడు. ఒక కొమ్మ కిందికి వంచి కెమెరా దగ్గరగా పెట్టి, "లేదమ్మా, ఇటు చూడు, ఈ బొడిపెలు కనిపిస్తున్నాయా..." అని మొదలుపెట్టాడు.